బీదరు బండి తప్పిపోయిన పూట

వికారాబాద్ జంక్షన్‌లో మా ప్యాసింజరు ఆగేసరికి బీదరు బండి కదిలిపోయి ఎనిమిది నిమిషాలైంది. చాయ్ అమ్మే కుర్రాడు కప్పు చేతికిస్తూ ఆ సంగతి చెప్పాడు. నాకు వచ్చిన నష్టమేమీ లేదు, నేను వెళ్లాల్సింది తాండూరు. నష్టపోయింది శంకర్‌పల్లిలో ఎక్కి నా పక్కన కూర్చున్న పెద్దావిడ. జహీరాబాదులో ఆమె కూతురు ప్రసవించి పదకొండు రోజులైంది. బిడ్డతల్లికి కాయం, నెయ్యి, దంచిన ఎండుకొబ్బరి, పాత చీరలు చింపి కుట్టిన బొంతలు రెండు, అన్నీ ఒక గోనెసంచిలో మూటగట్టుకుని బయల్దేరింది. "కనెక్షన్ పాయె బిడ్డా" అని, సంచిని ఒళ్లోకి లాక్కుని బెంచీ మీద కూర్చుంది.

కనెక్షన్. ఆ మాట ఆమె నోట విన్నప్పుడు నా సంచిలో ఉన్న కాగితాలు గుర్తొచ్చాయి. నేను కమ్యూనికేషన్ పాఠాలు చెప్పుకునే మనిషిని. ఆ నెలలో తరగతిలో చెప్పాల్సిన అంశం ఆలస్యాన్ని తట్టుకునే ఉపగ్రహ నెట్‌వర్కులు. వాటిలో ఏ లింకును ఎప్పుడు తెరవాలో ముందే నిర్ణయించి పెట్టుకోవడం ఎలా అన్నదే ఆ పాఠంలో అసలు కష్టమైన భాగం. పుస్తకాల్లో దీన్ని కాంటాక్ట్ ప్లాన్ అంటారు. మన ఊళ్లలో రైలెక్కే వాళ్లు ఒక బండి దిగి ఇంకో బండి అందుకోవడాన్ని ఎప్పటినుంచో కనెక్షన్ అంటున్నారు. రెండు మాటలూ ఒకే సంగతిని చెబుతున్నాయని ఆ బెంచీ మీద తట్టేవరకూ నాకు తోచలేదు.

"సదాశివపేట మీదికెళ్లి బస్సుంటది కదమ్మా" అన్నాను.

"ఉంటది. రెండు కాడ దిగి ఎక్కాలె. మోకాళ్లు గుంజుతయ్. దిగినకాడ బస్సు దొరుకుతదో లేదో. మళ్ల బండి సాయంత్రం ఉంది, ఈడనే కూసుంట. గా బండైతే సీదా పోతది."

బస్సులో ముందు బయల్దేరవచ్చు, కానీ ముందు చేరతామన్న నమ్మకం లేదు. రైల్లో ఆలస్యంగా బయల్దేరినా చేరడం ఖాయం. ఈ లెక్క ఆమె ఒక్క క్షణంలో కట్టేసింది. ఉపగ్రహాల మీద ఇదే లెక్క కట్టే పద్ధతిని అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో స్కాట్ బర్లీ రూపొందించాడు. దాని పేరు కాంటాక్ట్ గ్రాఫ్ రూటింగ్. ముందుగా దొరికే లింకును పట్టుకోవడం ఆ పద్ధతిలో లేదు. రాబోయే లింకులన్నీ వరసగా పరిచి, ఏ వరసలో వెళితే సరుకు అన్నిటికంటే ముందు గమ్యం చేరుతుందో వెతుకుతుంది.

మనం రోజూ వాడే ఇంటర్నెట్‌కి ఈ ఓపిక లేదు. రెండు కొసలూ ఒకేసారి మేలుకుని ఉండాలి, మధ్య దారి అంతా అప్పటికప్పుడు తెరిచి ఉండాలి, పంపినదానికి వెంటనే అందిందని బదులు రావాలి. ఎక్కడ తెగినా పొట్లాన్ని పారేసి మళ్లీ మొదటినుంచి పంపమంటుంది. అంగారకుడి దగ్గర ఇది నడవదు. 2014 సెప్టెంబరు 24న మంగళయాన్ అంగారక కక్ష్యలోకి వెళ్లినప్పుడు అక్కణ్నుంచి మాట మనకు చేరడానికి సుమారు 12 నిమిషాలు పట్టింది. ఇంజను మండుతుండగానే అది గ్రహం చాటుకి వెళ్లిపోయింది. ఏం చేయాలో ముందుగానే దానిలో ఎక్కించి పెట్టారు కాబట్టి పని జరిగింది.

ఇలాంటి చోట్ల కోసం 1998లో వింట్ సెర్ఫ్, ఏడ్రియన్ హుక్, బర్లీ తదితరులు కలిసి గ్రహాంతర ఇంటర్నెట్ ఆలోచన మొదలుపెట్టారు. దాన్ని భూమ్మీది కష్టమైన చోట్లకూ వర్తింపజేస్తూ కెవిన్ ఫాల్ 2003లో రాసిన వ్యాసంతో ఆలస్యాన్ని తట్టుకునే నెట్‌వర్క్ అన్న పేరు స్థిరపడింది. దీనిలో సమాచారం బండిల్‌గా, అంటే మూటగా వెళుతుంది. చేతికొచ్చిన మూటను మధ్యలోని ప్రతి మజిలీ తన దగ్గర భద్రంగా దాచుకోవాలి, తర్వాతి లింకు దొరికినప్పుడు అందించాలి. దారి మూసి ఉందని పారేయకూడదు. 2008 అక్టోబరు, నవంబరు నెలల్లో ఎపాక్సీ అనే వ్యోమనౌకను మజిలీగా వాడుకుని, కోట్ల కిలోమీటర్ల దూరంలో ఈ పద్ధతిని పరీక్షించి సుమారు 300 చిత్రాలు పంపారు. పక్కన ఆమె సంచి మూతిని ఇంకోసారి బిగించి ముడివేసింది.

తాండూరు బండికి నాకు నాలుగు గంటల టైముంది. ఆటో మాట్లాడుకుని అనంతగిరి వైపు బయల్దేరాను. పద్మనాభస్వామి గుడి, కొలను, పాత క్షయ ఆసుపత్రి, మూసీ పుట్టిన చోటు అంటూ అందరూ చూసేవన్నీ చూశాను. దట్టమైన చెట్ల కింద ఫోను సిగ్నల్ పోయింది. తాండూరులో ఉన్న మా పెద్దమ్మ కొడుక్కి పెట్టిన మెసేజీ పక్కన చిన్న గడియారం బొమ్మ పడి అలాగే ఉండిపోయింది. మలుపు తిరిగి గుట్ట ఎక్కాక అది దానంతటదే ఒక టిక్కుగా మారింది. ఇంతకు ముందు ఇలాంటివాటిని చూసి విసుక్కునేవాణ్ని. ఈసారి ఆటో ఆపించి, మారేదాకా చూశాను.

అక్కణ్నుంచి పూడూరు మండలంలోని దామగుండం వెళ్లాలన్నది నా అసలు ఉద్దేశం. అడవి అంచు దాకా వెళ్లగలిగాను. 2024 అక్టోబరు 15న ఇక్కడ నౌకాదళం వీఎల్ఎఫ్, అంటే అతి తక్కువ పౌనఃపున్యపు రేడియో కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. సముద్రం లేని జిల్లాలో నౌకాదళమేమిటని విన్నవాళ్లంతా అడుగుతారు. నీటి కింద దాగిన జలాంతర్గామికి మామూలు రేడియో తరంగం చేరదు, ఉప్పునీరు పైనే మింగేస్తుంది. 3 నుంచి 30 కిలోహెర్ట్జ్‌ల మధ్య, ఒక్కో అల పది నుంచి వంద కిలోమీటర్ల పొడవుండే తరంగాలైతే కొన్ని పదుల మీటర్ల లోతు దాకా దిగుతాయి. అంత పెద్ద అలను పుట్టించాలంటే చాలా పెద్ద యాంటెన్నా కావాలి, విశాలమైన నేల కావాలి. మన దేశంలో ఇలాంటి మొదటి కేంద్రం తిరునల్వేలి దగ్గర ఐఎన్ఎస్ కట్టబొమ్మన్, 1990 నుంచి పని చేస్తోంది. రెండోది ఇది.

నా పాఠానికి ఇంతకంటే దగ్గరి బంధువు దొరకదు. ఆ లింకు ఒకవైపే నడుస్తుంది. ఒడ్డున ఉన్నవాడు చెబుతాడు, లోతులో ఉన్నవాడు వింటాడు, తిరిగి మాట్లాడడు. మాట్లాడితే తన జాడ బయటపడుతుంది. అందిందో లేదో తెలియదు కాబట్టి చెప్పిందే మళ్లీ చెప్పాలి, వినేవాడు ఫలానా వేళకు వినగల లోతుకు వచ్చి ఉండాలి. తీగ లేదు, బదులు లేదు, ఇద్దరి మధ్యా ఉన్నది ముందే ఒప్పుకున్న వేళ మాత్రమే.

దీనికోసం ఇచ్చింది సుమారు 2,900 ఎకరాల అడవి. చెట్లు పోతాయని, మూసీ పుట్టుక దెబ్బతింటుందని, రామలింగేశ్వరస్వామి గుడికి దారి ఉండదేమోనని ఊళ్లవాళ్లు, పర్యావరణం కోసం పనిచేసేవాళ్లు గట్టిగానే అడ్డం చెప్పారు. గుడికి దారి మూయబోమని, చెట్లకు బదులు చెట్లు నాటుతామని ప్రభుత్వం చెప్పింది. నీటి కింద నెలల తరబడి ఉండే నావికుడికి మాట అందాలని మనసారా కోరుకునేవాణ్నే నేను. అయినా అంచున నిలబడి లోపలికి చూస్తే గొంతు పట్టేసింది. నాటిన మొక్క అడవి కావడానికి పట్టే కాలాన్ని ఏ ప్లానులోనూ కుదించలేం.

తాండూరు బండి అరగంట ఆలస్యంగా వచ్చింది. ప్లాట్‌ఫాం మీద ఆ పెద్దావిడ అదే బెంచీ మీద సంచికి తలానించి కునుకు తీస్తోంది. లేపలేదు.

ఈ లైను 1874లో నిజాం కాలంలో వాడి నుంచి సికింద్రాబాదు దాకా పడింది. ఇప్పుడిది డబుల్ లైను. వికారాబాదులో చీలి జహీరాబాదు, బీదరు మీదుగా పర్లి వెళ్లేది సింగిల్ లైను. సింగిల్ లైను మీద రెండు బండ్లు ఎదురైతే ఒకటి స్టేషన్లో లూప్ లైన్లోకి తప్పుకోవాలి. దేన్ని ఆపాలి, దేన్ని వదలాలి అన్నది టైంటేబులు వేసేవాడికి రోజూ ఉండే చిక్కు. అన్ని బండ్లనూ ఎక్కడా ఆపకుండా నడిపే టైంటేబులు ఆ లైనుకు లేదు, ఉండబోదు. ధారూరు దాటాక కిటికీ పక్కన కాగితాలు తెరిచాను.

ఉపగ్రహాలకూ ఇదే చిక్కు. ఏది ఎప్పుడు ఎక్కడ ఉంటుందో కక్ష్యల లెక్కతో రోజుల ముందే చెప్పగలం. కాబట్టి ఏ రెండు ఉపగ్రహాలు ఎప్పుడు ఎదురుపడతాయో, ఎంతసేపు కనిపించుకుంటాయో అంతా ముందే తెలుసు. కానీ ఎదురుపడ్డ ప్రతిసారీ మాట్లాడలేవు. చిన్న ఉపగ్రహానికి తిప్పగల యాంటెన్నా ఒక్కటే ఉండొచ్చు. అది భూమి నీడలో ఉంటే సౌరఫలకాలకు ఎండ తగలదు, బ్యాటరీ మీదే బతకాలి. సాధ్యమైన లింకులన్నిటిలోంచి నిజంగా తెరవాల్సినవి ఏరుకోవాలి. ఈ ఏరుకోవడాన్నే ఒక సమస్యగా తీసుకుని 2015లో అర్జెంటీనాకు చెందిన హువాన్ ఫ్రైరే, హోర్హే ఫినోకియెట్టో రాసిన వ్యాసం నా సంచిలోని కాగితాల్లో అన్నిటికంటే నలిగింది.

ఒక ఉపగ్రహం పంట పొలాల చిత్రాలు తీసి దాచుకుందనుకోండి. ఒకే సమయంలో దానికి రెండు తోటి ఉపగ్రహాలు కనిపిస్తున్నాయి. మొదటిదానితో పన్నెండు నిమిషాలు మాట్లాడొచ్చు, కానీ అది గ్రౌండ్ స్టేషను మీదికి వెళ్లేది ఆరు గంటల తర్వాత. రెండోదానితో నాలుగు నిమిషాలే, అయితే అది ఇరవై నిమిషాల్లో స్టేషను మీద ఉంటుంది. మొత్తం మాట్లాడే సమయం పెరగాలంటే మొదటిది. చిత్రాలు త్వరగా చేరాలంటే రెండోది. ఎప్పుడూ రెండోదాన్నే ఎంచుకుంటే మొదటిదాని దగ్గర పేరుకున్న దాని సొంత సరుకు గతి ఏమిటి? న్యాయం కూడా చూడాలి.

తోచినట్టు ఏరుకోవచ్చులే అనుకోవడానికీ వీల్లేదు. ఒకదానికొకటి కనిపించే పది ఉపగ్రహాలను జతలు జతలుగా కట్టాలంటే 945 రకాలుగా కట్టొచ్చు. అది ఒక్క విడతకే. రెండు విడతలకు 8,93,025 రకాలు. రోజుకు వందల విడతలుంటాయి. ఒక్క విడతలో మంచి జతలు వెతకడానికి జాక్ ఎడ్మండ్స్ 1965లోనే చక్కని పద్ధతి చూపించాడు, దాన్ని ఇక్కడ వాడుకుంటారు కూడా. కానీ ఏ విడతకా విడత మేలైన జతలు కట్టుకుంటూ పోతే మొత్తం ప్రయాణం మేలవుతుందన్న హామీ లేదు. ప్రతి స్టేషన్లో ప్రతి బండీ టైముకే బయల్దేరినా బీదరు కనెక్షన్ తప్పిపోవచ్చు. లింకులు ఎన్ని ఉన్నాయన్నదానికంటే అవి ఏ వరసలో వస్తాయన్నదే పెద్ద సంగతి. ఈ మాట తరగతిలో ఎన్నోసార్లు బోర్డు మీద బాణాలు గీసి చెప్పాను. కాయం సంచి పెట్టుకుని కూర్చున్న ఆ తల్లిని చూపించి ఉంటే పిల్లలకు ఒక్కసారితో అర్థమయ్యేది.

మన పెద్దవాళ్లకు ఇది రైళ్లలో తపాలా మోసిన ఆర్ఎంఎస్ బోగీల రోజుల్లోనే తెలుసు. నడుస్తున్న రైల్లో ఉత్తరాలు వేరుచేసేవాళ్లకు ఏ ఊరి సంచీని ఏ జంక్షన్లో దింపితే ఏ బండికి అందుతుందో నోటికి వచ్చేది. పోస్టు డబ్బా మూసేశాక పరుగెత్తుకొచ్చి, లేట్ ఫీ స్టాంపు అంటించి రైలు డబ్బాలో ఉత్తరం వేసిన రోజులు నాకూ గుర్తున్నాయి.

తాండూరు దగ్గర పడుతుంటే నల్లరేగడి చేలల్లో కంది నిలువెత్తున ఉంది. ఈ కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చేల వెనక బండ గనులు, గనుల పక్కన తెల్లటి మడ్డి కుప్పలు. కాగ్నా ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే వాక్యంలో కలిసిపోతాయి.

పెద్దమ్మ కొడుకైన మా అన్నకు ఇక్కడ బండలు పాలిష్ చేసే చిన్న యూనిట్ ఉంది. స్టేషనుకు రాలేకపోయాడు, ఫోనులో "తమ్మీ, బండి లొల్లి ఉంది, నువ్వే వచ్చెయ్" అన్నాడు. నేను వెళ్లేసరికి షెడ్డు ముందు ఒక లారీ నిలబడి ఉంది. డ్రైవరు హైదరాబాదే పోతానంటున్నాడు, కాకపోతే ముందు సేడం వైపు వెళ్లి సిమెంటు దింపి తిరిగొస్తాడు. అన్న ఒప్పుకోలేదు. లారీ వెళ్లిపోయింది.

"రాత్రి రెండింటికి ఇంకోటుంది. గది సీదా పోతది. పొద్దుగాల లారీలను పట్నంల రానియ్యరు. చీకట్లనే లోపటికి పోవాలె. ఇది ఎక్కిస్తే రేపు రాత్రి దాంక బయటనే నిలవడతది."

"రెండూ వస్తే రెండిట్లో వేయొచ్చుగా, సగం సగం?"

"హమాలీలు ఒక్క జట్టే ఉన్నరు. ఒక్కపారి ఒక్క బండే నింపుతరు."

సగం నెలపాటు పిల్లలకు చెప్పాల్సిన పాఠం మూడు మాటల్లో అయిపోయింది. ఒక్క జట్టు హమాలీలు, ఒక్క యాంటెన్నా. పట్నం మూసే వేళ, స్టేషను కనిపించే వేళ. ఆ మధ్యలో సరుకు దాచుకునే చోటు. అన్న నన్ను వెనక్కి తీసుకెళ్లి చూపించాడు. నీలం బండలు ఒకవైపు, పసుపు బండలు ఒకవైపు, గోడకు వాలుగా, అంచుల మీద నిలబెట్టి పేర్చి ఉన్నాయి. పడుకోబెడితే పై బరువుకి కింది బండ పగులుతుందట. రెండేసి బండలను నున్నటి మొహాలు ఒకదానికొకటి ఆనించి, గీతలు పడకుండా మధ్య కాగితం పెట్టారు. వేలితో తడితే ఒక్కో బండ ఒక్కో రకంగా మోగింది. మోగనిదాన్ని అన్న పక్కన పెట్టించాడు, లోపల పగులుందని. జాగా నిండిపోతే మిషను ఆపాల్సి వస్తుందన్నాడు. ఉపగ్రహంలో రికార్డరు నిండితే కెమెరా ఆపాల్సిందే, లేకపోతే పాత చిత్రాలను తుడిచేయాల్సిందే. ఆ నిర్ణయం కూడా ప్లాను వేసేవాడి నెత్తిమీదే ఉంటుంది.

చీకటి పడుతుండగా డాబా ఎక్కాం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఆ సాయంత్రం కనిపిస్తుందని ముందే చూసి పెట్టుకున్నాను. చెప్పిన నిమిషానికే వాయవ్యంలో, సిమెంటు ఫ్యాక్టరీ దీపాలకు పైన ఒక చుక్క లేచింది. మినుకుమనకుండా, చప్పుడు లేకుండా నడినెత్తి వైపు వచ్చింది. దానిలో 2016 నుంచి ఈ మూటల పద్ధతి వాడుకలో ఉంది. అన్న కొడుకు వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. నాలుగో నిమిషంలో అది ఆగ్నేయం వైపు దిగకుండానే, ఆకాశం మధ్యలో ఎర్రబారి ఆరిపోయింది. "ఎటు పోయింది చిన్నాన్నా?" అన్నాడు. ఎటూ పోలేదని, అక్కడే ఉందని, భూమి నీడలోకి వెళ్లిందని చెప్పాను. ఇప్పుడు దానికి ఎండ లేదు, బ్యాటరీ మీద నడుస్తోంది.

తూర్పుకి కొంచెం దక్షిణంగా, ఆ డాబాకు 70 కిలోమీటర్ల దూరంలో షాద్‌నగర్ గ్రౌండ్ స్టేషను ఉంది. 1979 నుంచి ఉపగ్రహాలు పంపే చిత్రాలు అక్కడ దిగుతున్నాయి. మొదట అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్, 1988లో ఐఆర్ఎస్-1ఎ వచ్చాక మనవి. ఈ చుట్టుపక్కల కంది ఎంత వేశారో, ఏ చెరువులో ఎంత నీరుందో కొలిచే చిత్రాలు దిగేది అక్కడే. 2011లో ఎగిరిన రిసోర్స్‌శాట్-2 లాంటిది 817 కిలోమీటర్ల ఎత్తున సుమారు 101 నిమిషాలకోసారి భూమిని చుట్టేస్తుంది, రోజుకు పద్నాలుగు చుట్లు. అది ఒక చుట్టు తిరిగి వచ్చేలోగా కింద భూమి తిరిగిపోతుంది కాబట్టి, తర్వాతి చుట్టులో మన అక్షాంశం మీద దాని దారి 2,700 కిలోమీటర్లు పడమటికి జరిగి ఉంటుంది. అందుకే షాద్‌నగర్‌కు పగలు కొన్ని, రాత్రి కొన్ని చుట్లే అందుతాయి, అందినప్పుడు కూడా పది పన్నెండు నిమిషాలే.

ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహం ప్రతి చుట్టులోనూ ధ్రువాల దగ్గరికి వెళ్లక తప్పదు. అందుకే 2013లో అంటార్కిటికాలోని మన భారతి కేంద్రంలో ఒక యాంటెన్నా పెట్టారు. రోజులో ఎక్కువ చుట్లు దానికి కనిపిస్తాయి. మంచులో దిగిన చిత్రం మరో ఉపగ్రహం మీదుగా షాద్‌నగర్ చేరుతుంది. కొత్త ఉపగ్రహం వదలకుండానే పాతవాటి కనెక్షన్లు పెరిగాయి. సరైన చోట ఒక్క జంక్షన్ కడితే ఎంత మారుతుందో దీన్ని చూసి నేర్చుకోవచ్చు. ఆ మంచులో చలికాలమంతా ఉండి దాన్ని నడిపించే మన మనుషులంటే నాకెంత గౌరవమో చెప్పలేను.

భోజనాలయ్యాక పిల్లాడు పడుకున్నాడు. జహీరాబాదులో ఈపాటికి కాయం డబ్బా మూత తీసి ఉంటారనుకున్నాను. నిద్ర పట్టలేదు, షెడ్డు దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. హమాలీలు గోనెపట్టాలు పరుచుకుని ఒక పక్క పడుకుని ఉన్నారు. రెండున్నరకు మలుపు దగ్గర హారను వినపడింది. జట్టులో పెద్దవాడు లేచి తలగుడ్డ చుట్టుకుని మిగతావాళ్లను పేరుపేరునా లేపాడు. లారీ వెనక్కి వచ్చి నిలబడింది. తొట్టిలో గడ్డి పరిచారు. మొదటి జత పసుపు బండలను ఇద్దరు రెండు కొసలా పట్టుకుని లేపారు, పైనున్నవాడు రెండు చేతులా అందుకుని, తన మోకాలికి ఆనించుకున్నాక "పట్టిన, ఇడువు" అన్నాడు. అప్పుడు కిందివాళ్లు చేతులు వదిలారు.